వైజాగ్‌లో ఉప్పునీటి ఫ్లై ఫిషింగ్: ఎక్కడ నిలబడాలి, ఏం కొనాలి, ఏం కొనకూడదు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. సీషెల్స్‌లో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫ్లై రాడ్‌తో, అంటే ఈకలు కట్టిన కొక్కేన్ని (అదే ఫ్లై) విసిరే రాడ్డుతో, నలభై యాభై కిలోల పార చేపల్ని పడుతున్న వీడియోలు చూశారు. 12 నంబరు రాడ్డు, రీలు ఆన్‌లైన్ కార్టులో పెట్టుకున్నారు. ఇల్లు ఎంవీపీ కాలనీలో, సముద్రం పక్కనే. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో మొదలుపెట్టొచ్చా, తర్వాత ఎప్పటికైనా ఏ దేశం వెళ్లాలి అని మీ ప్రశ్న. కింద మీ ఆవిడ అడగమన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. దానికి చివర్లో వస్తాను, అది తేలిక ప్రశ్నేం కాదు.

ముందు ఆ కార్టు ఖాళీ చెయ్యండి. 12 నంబరు రాడ్డు ఏనుగు మెడకి కట్టే గొలుసు. మన పెరట్లో ఉన్నవి మేకలు.

నా సంగతి రెండు ముక్కల్లో. మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి దిగిపోయాను. ఒమన్‌లో సలాలా రేవులో ఓడ మరమ్మతుకి ఆగినప్పుడు ఒక పెద్దాయన తన రాడ్డు నా చేతికిచ్చి సరదాగా విసరమన్నాడు. ఆ సాయంత్రం చేప పడలేదు, లైను నా మెడకే చుట్టుకుంది. పద్దెనిమిదేళ్లయింది, ఆ పిచ్చి మాత్రం వదల్లేదు. అందులో ఎక్కువ భాగం భీమిలికీ పూడిమడకకీ మధ్యే గడిచింది కాబట్టి ఇక్కడి సంగతి కాస్త ధైర్యంగా చెప్పగలను.

అసలు విషయం దూరం. మామూలు గాలంలో బరువు ఎర దగ్గర ఉంటుంది. సీసం గుండు విసిరితే తంగూసు దాని వెనకాలే పోతుంది, చెయ్యి తిరిగినవాడు రేవు గట్టు మీంచి అరవై డెబ్భై మీటర్లు వేస్తాడు. ఫ్లైకి బరువు లేదు. కొక్కెం, కాసిని ఈకలు, నాలుగు పోగులు, అంతే. ఇక్కడ బరువంతా లైనుదే. చెర్నాకోల ఝళిపించినట్టు రాడ్డుతో లైనుని వెనక్కి చాపి, అది పూర్తిగా చాచుకునేదాకా ఆగి, ముందుకి తోస్తే, లైను ఉంగరంలా దొర్లుకుంటూ పోయి చివర ఫ్లైని నీళ్ల మీద పెడుతుంది. రాడ్డు మీద రాసి ఉండే నంబరు ఈ బరువు లెక్కే. 8 నంబరు లైనులో మొదటి 30 అడుగులు 210 గ్రెయిన్లు, అంటే పదమూడున్నర గ్రాములు. 12 నంబరుకి 380 గ్రెయిన్లు, ఇరవై నాలుగున్నర గ్రాములు.

ఇలా విసిరితే ఎంత దూరం పోతుంది? వీడియోల్లో ముప్పై మీటర్లు వేస్తారు. మీకు మొదటి ఏడాది సముద్రపు గాలిలో వచ్చేది పన్నెండు నుంచి పదిహేను. నాకిప్పటికీ ఇరవై దాటితే ఆ రోజు చెయ్యి బాగున్నట్టు లెక్క. కాబట్టి చోటు వెతికేటప్పుడు ఒకటే అడగాలి: చేప తనంతట తాను పదిహేను మీటర్ల లోపలికి ఎక్కడికి వస్తుంది?

సీషెల్స్‌కి అంత పేరు రావడానికి కారణం ఇదే. అక్కడి పగడపు దీవుల చుట్టూ కిలోమీటర్ల కొద్దీ తెల్ల ఇసుక పరుపులు, మోకాలి లోతు నీళ్లు, అద్దంలాంటి తేట. పోటు ఎక్కుతుంటే లోతు నీళ్లలోని చేపలు పీతల కోసం ఆ పరుపుల మీదికి వస్తాయి. వేటగాడు నడుస్తూ చేపని కంటితో చూసి దాని ముక్కు ముందు ఫ్లై పెడతాడు. దాన్ని ఫ్లాట్స్ అంటారు. ఫర్‌క్వార్ దీవి దగ్గరైతే పెద్ద పార చేపలు నీళ్లలోంచి ఎగిరి, అప్పుడే రెక్కలొచ్చిన సముద్రపు పిట్టల్ని నోట కరుచుకుపోతాయి.

మనకి ఫ్లాట్స్ లేవు. గోదావరి, మహానది, అటు గంగ మోసుకొచ్చే మట్టి, తియ్యనీరు కలిసే ఈ నీళ్లలో పగడపు దిబ్బలు కట్టుకోవు. పైగా వైజాగ్ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది. ఆర్కే బీచ్‌లో నాలుగడుగులు వేస్తే నడుం లోతు, ఆ మీద విరుచుకుపడే కెరటం. అక్కడ ఫ్లై రాడ్డు పట్టుకుని నిలబడితే లాగిన లైనంతా నురగలో కలిసి కాళ్లకి చుట్టుకుంటుంది, చేప మాత్రం విరుగుడు కెరటానికి అవతల నలభై మీటర్ల దూరంలో మన మొహం చూడకుండా పోతుంది. ఏటా ఎంతమంది ఆ కెరటాల్లో పోతున్నారో వైజాగ్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రుషికొండ కొంచెం నయం, కాని జనం. వెనక్కి విసిరిన కొక్కెం ఎవరి పిల్లాడి చెంపకి తగులుతుందో తెలీదు. నేను ఆ రెండు చోట్లా ఒక్క చేపా పట్టలేదు, ఇక ప్రయత్నించను కూడా.

ఈ సంగతి నాకు తెలిసిరావడానికి రెండేళ్లు పట్టింది, అదీ ఒక జాలరి పెద్దాయన దయవల్ల. భీమిలిలో దీపస్తంభం దాటాక ఇసుకలో నిలబడి పొద్దున్నుంచీ విసురుతున్నాను. ఆయన వల భుజాన వేసుకుని వెనక నుంచి వచ్చి ఆగాడు. నవ్వుతాడనుకున్నాను. నా ఫ్లై వేళ్లతో పట్టుకుని తిప్పి చూసి, “కోడీక కట్టినారేటి బాబూ? మా నాన కొంగీక కట్టీవోడు, సూరలకి. తెప్ప ఎనకాల ఒగ్గీసీవోడు” అన్నాడు. చిన్నప్పుడు తను కూడా చేపల వేటకి వెళ్తే తంగూసుకి జరీ పోగులు కట్టి కానగంతలు లాగేవాడట. నేను ఏదో పరదేశం విద్య తెచ్చానని మురిసిపోతున్నాను, ఆయనకి అది తాతల నాటి సరుకు.

తర్వాత అన్న మాటే అసలు పాఠం. “మీరు నిలబడ్డ కాడ సేపలు నేవండి. పోటుకి యేటిలోకెక్కిన సేప పాటుకి దిగాల గదా? దిగీ కాడ నిలబడండి.” చెయ్యి చాపి గోస్తనీ మొగ చూపించాడు.

మొగ అంటే నది సముద్రంలో పడే చోటు. పోటుకి ఉప్పునీరు ఏటిలోకి ఎగదన్ని మడుగుల్లో, గట్ల పక్కన, గడ్డి మొదళ్లలో పాకుతుంది. ఆ నీటితోపాటు చిన్న చేపలు, రొయ్య పిల్లలు, బొంత పిల్లలు లోపలికి వెళ్తాయి. పాటు మొదలయ్యాక ఆ నీరంతా ఒక ఇరుకు సందులోంచి బయటికి రావాలి, దానితోపాటు అవీ రావాలి. వేటాడే చేపలకి అది పెళ్లి భోజనాల పంక్తి. పండుగప్ప, చిన్న పార, తోలుపార, టార్పన్ ఆ సందు చివర, పరుగెత్తే నీటికీ నిలిచిన నీటికీ మధ్య కనిపించే గీత వెంబడి కాచుకుంటాయి. ఆ గీత చాలాసార్లు ఒడ్డుకి పది మీటర్ల దూరంలోనే ఉంటుంది. సీషెల్స్‌లో చేప పోటుతో ఎక్కి మన కాళ్ల దగ్గరికి వస్తుంది, ఇక్కడ పాటుతో దిగి వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలో దీన్నిబట్టే తేలిపోతుంది. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, రోజురోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ మర్నాడూ ఎల్లుండీ నీటి ఎత్తులో తేడా మీటరున్నర దగ్గరికి వస్తుంది. అష్టమి నవమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు, మొగలో నీరు సోమరిగా కదులుతుంది, వెళ్లినా దండగ. పాటు మొదలైన గంట తర్వాత నుంచి రెండు గంటలు నాకు బాగా కలిసొచ్చిన సమయం. అది తెల్లవారుజామునో పొద్దువాలుతూనో పడితే సెలవు పెట్టైనా వెళ్తాను. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు వేస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్లు కెరటాల ఎత్తు, గాలి ముందుగా చెప్తారు. రెండూ చూసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి: పట్టికలో సముద్రం పాటు ముగిసిందని ఉన్నా, ఏటిలోని నీరు ఇంకా కాసేపు బయటికి పారుతూనే ఉంటుంది. సముద్రం చూసి ఇంటికి వచ్చేసేవాళ్లు ఆ కాసేపటిని పోగొట్టుకుంటారు.

టార్పన్ ఉందో లేదో కంటితోనే తెలుస్తుంది. దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది, అందుకని మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగి వెండి వీపు చూపించి దొర్లుతుంది. ఫ్లోరిడాలో మనిషంత పెరిగే టార్పన్‌కి మనది చిన్న తమ్ముడు, మూర పొడుగుంటే గొప్ప. కాని కొక్కెం తగిలాక మూడుసార్లు గాల్లోకి లేస్తుంది. నాకు ఫ్లై మీద పడ్డ మొదటి చేప అదే, అదీ గోస్తనీలోనే.

చోట్ల విషయానికొస్తే, మీ ఇంటి నుంచి దగ్గర గోస్తనీ మొగ. ఇసుక మేట ఏటికేడు జరుగుతుంది, ఎండాకాలంలో సందు బాగా సన్నబడిపోతుంది. కాబట్టి నిరుడు పట్టిన చోటే ఈ ఏడు ఉంటుందని అనుకోవద్దు, ముందు వెళ్లి ఖాళీ చేతుల్తో చూసి రండి. ఉత్తరానికి పోతే కోనాడ దగ్గర చంపావతి మొగ, ఇంకా పైన కల్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార. నాకు వీటిల్లో కోనాడ ఇష్టం, జనం తక్కువ. దక్షిణాన అనకాపల్లి జిల్లాలో పూడిమడక ఉప్పుటేరు, రాంబిల్లి వైపు శారదా, వరాహ నదులు. అటు నేవీ పనులు ఉన్నాయి, ఊళ్లో అడగకుండా ఏ గట్టూ ఎక్కొద్దు. డాల్ఫిన్స్ నోస్ కింద, హార్బర్ కాలువ పక్కన గాలం ఆలోచనే పెట్టుకోకండి. మేఘాద్రిగెడ్డ కూడా హార్బర్‌లోకే పడుతుంది, అక్కడి నీళ్ల రంగు చూస్తే మీకే బుద్ధి పుట్టదు. కాకినాడ వైపు కోరింగ మడ అడవులు పండుగప్పకి పుట్టిల్లు, కాని అది అభయారణ్యం. దాని హద్దులు తెలుసుకుని బయట చూసుకోవాలి.

రాళ్ల మీద నిలబడి వేసే చోట్లు రెండున్నాయి. మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం పక్కన పాటుకి బయటపడే రాతి పరుపు, తెన్నేటి పార్కు కింది రాళ్లు. మొదటిది ప్రశాంతమైన శీతాకాలపు పొద్దున చాలా అందంగా ఉంటుంది, చిన్న పారలు దొరుకుతాయి. రెండోది నేను వద్దంటాను. 2020 అక్టోబరులో ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు తెంచుకుని వచ్చి కూర్చున్నది ఆ రాళ్ల దగ్గరే. ఓడని అంత దూరం మోసుకొచ్చిన సముద్రానికి మనమెంత. నాచు పట్టిన రాయి మీద ఒక్క పెద్ద కెరటం చాలు.

మొగ కూడా అమాయకంగా కనిపిస్తుంది, నమ్మొద్దు. పాటు నీరు మంచి జోరు మీద ఉన్నప్పుడు కాళ్ల కింద ఇసుక దొలుచుకుపోతుంది. నేను మోకాలు దాటి దిగను, లైఫ్ జాకెట్ లేకుండా అసలు దిగను. నడిచేటప్పుడు అడుగు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ నడవండి, ఇసుకలో పడుకున్న టేకు చేప అలికిడికి లేచిపోతుంది. దాని తోక ముల్లు దిగితే, చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి.

ఇక గాలి. వైజాగ్‌లో ఫ్లై రాడ్డు పట్టేవాడికి అసలు శత్రువు ఇదే, ఏ వీడియోలోనూ చెప్పనిదీ ఇదే. పొద్దున్నే నేల వైపు నుంచి సముద్రం మీదికి మెల్లటి గాలి వీస్తుంది, అది మనకి వీపున తోడు. పది పదకొండు అయ్యేసరికి సముద్రపు గాలి తిరగబడి మొహం మీద కొడుతుంది, ఇక సామాను సర్దుకోవడమే. అసలు తంటా నైరుతి గాలితో. మనం తూర్పుకి తిరిగి నిలబడతాం, కుడి చెయ్యి దక్షిణం వైపు ఉంటుంది, ఆ గాలి కుడి భుజం వెనక నుంచి వస్తుంది. అంటే కుడిచేతివాటం వాడు విసిరిన లైనుని నేరుగా తల మీదికి తోస్తుంది. ఒక జులై పొద్దున నా కుడి చెవి తమ్మెలోంచి 1/0 సైజు కొక్కెం అవతలికి వచ్చేసింది. దాని మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లు ముందే పకారుతో నొక్కేసి ఉంచాను కాబట్టి అక్కడికక్కడే లాగేశాను, లేకపోతే కోయించుకోవాల్సి వచ్చేది. ఆ గాలికి మందు ఒకటే. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, ముందు విసురు ఊరి వైపు వేసి, వెనక విసురులో ఫ్లైని నీళ్ల మీదికి వదలడం. చూసేవాళ్లకి పిచ్చివాడిలా కనిపిస్తాం. కొక్కేలకి ముల్లు నొక్కడం, కళ్లజోడు, టోపీ, ఈ మూడూ లేకుండా రాడ్డు విప్పొద్దు. కళ్లజోడు పోలరాయిడ్‌ది, గోధుమ రంగు అద్దాలైతే నీళ్లలోకి చూపు దిగుతుంది.

విసురుతున్నప్పుడు ఎడమ చేత్తో లైనుని కిందికి లాగి వదిలే పద్ధతి, డబుల్ హాల్ అంటారు, అది రాకుండా సముద్రంలో పని జరగదు. నీళ్ల దగ్గర నేర్చుకోవద్దు. ఏయూ గ్రౌండులాంటి ఖాళీ చోట తెల్లవారుజామున, ఫ్లై బదులు ఎర్ర ఊలు పోగు కట్టి, రోజుకి ఇరవై నిమిషాలు. నెల తర్వాత మొగకి రండి. వాకింగ్‌కి వచ్చే పెద్దలు ఏం చేస్తున్నారని అడుగుతారు, ఓపిగ్గా చెప్పాలి, రోజూ అడుగుతారు.

సామాను: 9 అడుగుల 8 లేదా 9 నంబరు రాడ్డు. ఇక్కడి రెండు కిలోల చేప దాని మీద సరదాగా ఆడుతుంది, 12 నంబరు మీద తడిబట్ట లాగినట్టుంటుంది. రీలు ఉప్పునీటిదే కావాలి, డ్రాగ్‌లోకి, అంటే రీలు బ్రేకులోకి, నీళ్లు పోకుండా మూసి ఉన్నది. లైను కొనేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. చల్లటి దేశాల ట్రౌట్ లైన్లు మన ఎండకి మెత్తబడి రింగులకి అతుక్కుంటాయి. ఉష్ణదేశాలకని విడిగా చేసేవి ఉంటాయి, అవి తీసుకోండి. మొగలో పైన తేలేదానికన్నా నెమ్మదిగా మునిగే ఇంటర్‌మీడియెట్ లైను నయం, గాలికి లైను వంగి వదులవదు. చివర 9 అడుగుల లీడరు, అంటే లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టే తంగూసు, ఆఖరి జానెడు 40 పౌన్ల ఫ్లోరోకార్బన్ అనే గట్టి తంగూసు. పండుగప్ప మొప్ప డిప్ప అంచు బ్లేడు, సన్న తంగూసుని ఒక్క విదిలింపుతో కోసేస్తుంది. లాగిన లైను పడటానికి నడుముకి ఒక బుట్ట కావాలి. విదేశీది కొనక్కర్లేదు, పూర్ణా మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ టబ్బుకి బెల్టు తొడిగి, అడుగున కేబుల్ టైలు నిటారుగా గుచ్చితే లైను చిక్కుపడదు.

ఫ్లైలు మీరే కట్టుకోండి, అందులో సగం సరదా ఉంది. ఉప్పునీటికి నాకు ఒకటే నమూనా ఇమ్మంటే క్లౌజర్ మిన్నో అడుగుతాను. అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన బాబ్ క్లౌజర్ 1980ల్లో నది చేపల కోసం కట్టాడు, ఇవాళ ప్రపంచంలో ఉప్పునీళ్లున్న ప్రతి చోటా అదే. తల దగ్గర రెండు బరువు కళ్లు ఉండటంతో కొక్కెం తలకిందులై మొన పైకి ఉంటుంది, అడుగున రాయికీ వలముక్కకీ తగులుకోదు. లాగినప్పుడు లేస్తుంది, ఆపినప్పుడు ముక్కు కిందకి పెట్టి మునుగుతుంది. దీనికి అసలు జింక తోక వెంట్రుకలు వాడతారు. మన దగ్గర జింక వెంట్రుకల జోలికి పోవద్దు, వన్యప్రాణి చట్టంలో ఇరుక్కుంటారు. సవరాలకి వాడే నైలాన్ వెంట్రుకలు, జరీ, కోడిపుంజు మెడ ఈకలు, కళ్లకి గొలుసు పూసలు చాలు. తేట నీళ్లలో చిలకపచ్చ కింద తెలుపు. వానాకాలపు మురికి నీళ్లలో నలుపు, దాని ఆకారం చేపకి కనిపిస్తుంది.

చేప అందుకున్న క్షణంలో అందరూ చేసే తప్పు రాడ్డు పైకెత్తడం. గాలం అలవాటున్న చెయ్యి అదే చేస్తుంది. ఫ్లై చేప నోట్లోంచి జారిపోతుంది. రాడ్డు మొన నీళ్ల వైపే ఉంచి, ఎడమ చేత్తో లైనుని బలంగా ఒక మూర లాగాలి. తగిలిందని తెలిశాకే రాడ్డు ఎత్తడం. నేను ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి పదకొండు చేపలు పోగొట్టుకున్నాను, లెక్క రాసుకున్నాను.

కాలం: నవంబరు చివర నుంచి మార్చి దాకా సముద్రం కుదురుగా, నీళ్లు తేటగా ఉంటాయి. అక్టోబరు తుపాన్ల నెల, 2014లో హుద్‌హుద్ వచ్చింది 12వ తేదీన. మార్చి నుంచి మే వరకు అడుగు నీళ్లు పైకి తన్నుకొస్తాయి, కవళ్లు ఒడ్డుకి దగ్గరగా తిరుగుతాయి. జూన్ తర్వాత సముద్రం గంతులేస్తుంది, కాని కొత్తనీరు దిగిన మొగలో పండుగప్ప ఉంటుంది. పడవ మీద వెళ్దామంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మోటారు పడవలు కదలవు. మిగతా కాలంలో పడవెక్కినా ఫ్లై రాడ్డుతో సూర, కోనెం దాకానే చూసుకోండి, కోనెం పళ్లకి స్టీలు తీగ కట్టుకుని. కొమ్ముకోనెం జోలికి వద్దు. 2022లో పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం వేటగాడొకరు ఆ చేప పొడిచి సముద్రంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు, పుట్టి పెరిగింది సముద్రం మీదే అయినా.

ఒడ్డున జాలర్లు పెద్దవల లాగుతుంటే ఆ దరిదాపుల్లో గాలం వెయ్యకండి, పరిచిన వలని దాటకండి. అది వాళ్ల కూడు. మనది సరదా. తెగిన తంగూసు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి, మన ఒడ్డుకే శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఇక విదేశాలు. ఈ ఆట ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఫ్లోరిడా కీస్‌లో. 1947లో జో బ్రూక్స్ అనే అమెరికన్ వేటగాడు, అక్కడి గైడు జిమ్మీ ఆల్‌బ్రైట్‌తో కలిసి, కావాలని వెతుక్కుని ఫ్లైతో బోన్‌ఫిష్ అనే ఫ్లాట్స్ చేపని పట్టి చూపించాక అది కుదురుతుందని జనం నమ్మారు. ఇప్పటికీ టార్పన్‌కి ఫ్లోరిడా, బోన్‌ఫిష్‌కి బహమాస్‌లోని ఆండ్రోస్, పర్మిట్ అనే మహా గడుసు చేపకి బెలీజ్, మెక్సికోలో అసెన్షన్ బే అంటారు. మనకి అవన్నీ భూగోళానికి అవతలి వైపు. నేనైతే మన సముద్రం వైపే చూడమంటాను. మొదటి ప్రయాణానికి ఒమన్ దక్షిణ తీరం: సలాలా, హాసిక్. మన పర్మిట్ జాతి అక్కడ రాళ్ల మధ్య కెరటాల్లో మేస్తుంది, ఖర్చు సీషెల్స్‌లో కొద్ది వంతు. నవంబరు నుంచి ఏప్రిల్ లోపల వెళ్లండి, జూన్ నుంచి అక్కడ ఖరీఫ్ అంటారు, మనల్ని తడిపే నైరుతి గాలే అక్కడి సముద్రాన్ని కూడా చిలికేస్తుంది. తర్వాత మాల్దీవులు, మారిషస్‌కి చెందిన సెయింట్ బ్రాండన్. సీషెల్స్‌లో అల్ఫోన్స్, కాస్మొలీడో పేరున్నవి. సీషెల్స్ ప్రధాన దీవి మాహే నుంచి కాస్మొలీడో వెయ్యి కిలోమీటర్లు, వారానికి పదివేల డాలర్లు దాటిపోతుంది. మీ 12 నంబరు రాడ్డు కొనవలసిన రోజు అది. పెద్ద పార రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లో పట్టారు, ఫ్లై రాడ్డుతో కాదనుకోండి. అలాంటిది ఒకటి తగిలితే రాడ్డు సంగతి అటుంచి భుజం చూసుకోవాలి.

క్రిస్మస్ ఐలాండ్ అని వింటారు. ఆ పేరుతో రెండున్నాయి. హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాది ఒకటి, దాని చుట్టూ అంతా నిటారు కొండచరియలు. బోన్‌ఫిష్ ఉన్నది పసిఫిక్‌లో కిరిబాటి దేశానిది. కిరిటిమాటి అని రాసి కిరిస్మస్ అని పలుకుతారు. టికెట్ కొనే ముందు మ్యాపు తెరవండి.

దేశంలోనే కావాలంటే అండమాన్, లక్షద్వీప్. అండమాన్‌లో పెద్ద పారకి పడవలు తీసుకెళ్తారు, ఎక్కువమంది పాపర్లు, అంటే నీటి మీద చప్పుడు చేసే ఉత్తుత్తి ఎరలు, విసురుతారు, అడిగితే ఫ్లైకీ ఒప్పుకుంటారు. వండూర్ వైపు సముద్ర జాతీయ పార్కులో వేట లేదు. అక్కడి మొగల్లో మాత్రం భీమిలి పద్ధతి పనికిరాదు, ఉప్పునీటి మొసళ్లుంటాయి. లక్షద్వీప్ మడుగులు చూస్తే వీడియోల్లోని సీషెల్సే గుర్తొస్తుంది, కాని ప్రవేశానికే అనుమతి తీసుకోవాలి, వేటకి ఏ దీవిలో ఏం ఒప్పుకుంటారో ముందే కాగితం మీద తెలుసుకోండి.

ఇంక మీ ఆవిడ ప్రశ్న: “అంత ఖర్చుపెట్టి పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తారట, మరి పులుసు సంగతేంటి?” మా ఇంట్లోనూ ఇదే గొడవ మొదటి రోజుల్లో. నా పద్ధతి చెప్తాను. పండుగప్ప పుట్టుకతో మగది, పెరిగి పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. మూడడుగులు దాటినది దాదాపుగా ఆడదే, ఆ ఏటికి అది తల్లి. దాన్ని వదిలేస్తాను. రెండు కిలోల లోపుది ఒకటి, ఇంటికి సరిపడా, తెస్తాను. చిన్న పారలు వేపుడుకి. టార్పన్ ముళ్ల కుప్ప, వదిలెయ్యడం పెద్ద త్యాగమేం కాదు. పగడపు దీవులకి వెళ్లినప్పుడు మాత్రం పెద్ద పార, పెద్ద బారకుడా తినొద్దు. పగడపు దిబ్బల నాచులో పుట్టే విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లో పేరుకుంటుంది, సిగ్వటేరా అంటారు. వండినా చావదు. తిన్నవాళ్లకి చల్లటి నీళ్లు ముట్టుకుంటే కాలినట్టుంటుంది, వారాల తరబడి తగ్గకపోవచ్చు. గోస్తనీ పండుగప్పకి ఆ భయం లేదు. చింతపండు తక్కువ, పచ్చిమామిడి ఎక్కువ వెయ్యమనండి.